చింతగింజల లెక్క

“పన్నెండొందలు. ఒకటి తగ్గేదానికి లేదు,” అన్నాడు చెంగల్రాయుడు, ఆ పొద్దున నాలుగోసారి.

“పేపర్లో వందలాది మంది అని ఏసినారు కదా. అది సాలదా?” అంది యశోదమ్మ, పొయ్యి మీద నుంచి తల తిప్పకుండానే.

“వందలాది అంటే రెండొందలూ వందలాదే, తొమ్మిదొందలూ వందలాదే. అదొక లెక్కా? ఈ ఫోటో సూడు, ఎడమ పక్క ఉండే జనాన్నంతా కోసేసినారు. ఆ తట్టు ఒక్కదాంట్లోనే మూడొందల మంది ఉండారు.”

“ఆ తట్టు ఉండింది మన గడ్డివామి.”

ఉషారాణి టిఫిన్ డబ్బాలో చిత్రాన్నం సర్దుకుంటూ నవ్వు బిగపట్టుకుంది. మామ ముక్కు మీదికి జారిన కళ్ళజోడులోంచి పేపరును, దాని పై నుంచి అత్తను మార్చి మార్చి చూస్తున్నాడు. ఈ వాదన కాఫీలకు ముందు మొదలైంది. నిజం చెప్పాలంటే ఆదివారం సాయంత్రమే మొదలైంది. ఇవాళ మంగళవారం.

“ఉషా, నువ్వు చెప్పమ్మా. మన ఆంజనేయులు ట్రాక్టరు ముప్పై ట్రిప్పులు కొట్టింది. ట్రిప్పుకు నలభై మంది. ఎంతయింది?”

“పన్నెండొందలు మామా.”

“ఇన్నావా యశోదా? గవర్నమెంటు మనిషి చెప్తాండాది.”

“గుణకారం అడిగినావు, చెప్పింది. జనాన్ని గురించి యాడ అడిగినావు?”

చెంగల్రాయుడు పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు. కోడలి వెంట గేటు దాకా వచ్చి, గొంతు తగ్గించి, రాసేది ఆమే కాబట్టి పన్నెండొందలని రాసేస్తే ఒక పని అయిపోతుందని చెప్పాడు. ఉషారాణి డబ్బా బ్యాగులో పెట్టుకుంది. స్కూటీ స్టార్టు చేసుకుని వెళ్ళిపోయింది.

మేకలదిన్నె పంచాయతీలో ఊర్లు రెండు. రోడ్డు పక్కన మేకలదిన్నె, వంతెన లేని వంకకు అవతల చౌటకుంట. పుంగనూరు నుంచి వచ్చే బస్సు మేకలదిన్నెలో ఆగి అక్కడి నుంచే మళ్ళుతుంది. సచివాలయం, రేషన్ షాపు, పశువుల ఆసుపత్రి అన్నీ ఇవతలే. చౌటకుంట వాళ్ళు దేనికైనా వంక దాటి రావాల్సిందే. అందుకని తమకు వేరే పంచాయతీ కావాలని అర్జీ పెట్టుకున్నారు. ఆ అర్జీ మీద మొదటి సంతకం వెంకటరమణప్పది. ఆయన ఉషారాణి తండ్రి. ఊరు రెండు ముక్కలు కాకూడదని వెళ్ళిన ఎదురు అర్జీ మీద మొదటి సంతకం చెంగల్రాయుడిది. ఆయన ఉషారాణి మామ.

నెల కిందటి దాకా ఈ వియ్యంకులిద్దరూ పుంగనూరు సంతలో ఒకే బండి దగ్గర టీ తాగేవాళ్ళు. ఒకరి మీద ఒకరు జోకులేసుకునేవాళ్ళు. అర్జీలు పోయాక సభలు మొదలయ్యాయి. పదిరోజుల కిందట ఒక శనివారం చౌటకుంటలో విడిపోదామని సభ. మొన్న ఆదివారం మేకలదిన్నెలో కలిసుందామని సభ. రెండు చోట్లా మైకులు, షామియానాలు, సంగటి, వంకాయ పులగూర. సభ అయిన మరునాడే తమ సభకు పదిహేనొందల మంది వచ్చారని వెంకటరమణప్ప పుంగనూరుకు కాగితం పంపాడు. పన్నెండొందలని చెంగల్రాయుడు ఫోటోలతో సహా పంపాడు. పంచాయతీ మొత్తానికి ఓట్లు ఎనిమిదొందల నలభై.

రెండు కాగితాలూ చూసిన ఎంపీడీఓ తల పట్టుకుని ఉంటారు. గురువారం గ్రామసభ పెట్టి ఊరి అభిప్రాయం అడుగుతామనీ, ఈలోగా ఏ సభకు నిజంగా ఎంతమంది వచ్చారో సచివాలయం నుంచి రాసి పంపాలనీ ఆర్డరు వేశారు. పంచాయతీ కార్యదర్శి విషజ్వరంతో సెలవులో ఉన్నాడు. ఆయన బాధ్యత డిజిటల్ అసిస్టెంటు మీద పడింది. ఆ డిజిటల్ అసిస్టెంటు ఉషారాణి.

ఆఫీసులో కూర్చుని కంప్యూటరు ఆన్ చేసిందో లేదో, తండ్రి ఫోన్ చేశాడు. ఆయన పాలసేకరణ కేంద్రం నడుపుతాడు కాబట్టి సభకు వచ్చిన వాళ్ళందరికీ మజ్జిగ పోయించాడు. పదిహేనొందల కాగితం గ్లాసులు తెప్పిస్తే సాయంత్రానికి ఒక్కటీ మిగల్లేదట. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలని ఆయన అడిగాడు. తండ్రి మాట వినేదానికి ఇష్టం లేకపోతే గ్లాసుల మాట వినమన్నాడు. ఉషారాణి ఊఁ కొడుతూ కిటికీలోంచి వంక వైపు చూసింది. ఈ రెండు ఆదివారాలూ ఆమె పుట్టింటికి పోలేదు. పెళ్ళయిన నాలుగేళ్ళలో అలా ఎప్పుడూ జరగలేదు. ఎవరూ వద్దనలేదు. కానీ మొన్నటి సభలో మామ మైకు పట్టుకుని, ఆ అర్జీ వెనక్కి తీసుకునేదాకా తాను వంక దాటనని శపథం చేశాడు. ఆ మాట మైకులోంచే అవతలి ఊరికి కూడా వినబడింది.

ఎవరి పక్క రాసేది? చదువుకునే రోజుల్లో పాలక్యాన్ల మధ్య ఆమెను కూర్చోబెట్టుకుని, వంక దాటించి, రోజూ కాలేజీ బస్సు ఎక్కించింది నాయన. ఈ ఉద్యోగం పరీక్షకు ఎండలో మదనపల్లె దాకా మోటారు సైకిలు మీద తీసుకుపోయింది మామ. టమోటా మార్కెట్టులో ఆ రోజు సరుకు దింపాల్సి ఉన్నా, పరీక్ష అయ్యేదాకా ఎండలో నిలబడి, బయటికి రాగానే టెంకాయ బోండం చేతికిచ్చాడు. కోడలు ఉద్యోగం చేస్తుందా అని ఎవరో అంటే, చేయనీకుండా నువ్వు చేస్తావా అని ఆ మనిషి నోరు మూయించాడు. వాళ్ళిద్దరిలో ఎవరిని నలుగురిలో అబద్ధాలకోరును చేసేది? కాదని వాళ్ళ మాటే రాస్తే, సర్కారు కాగితం మీద అబద్ధం కింద ఉండేది తన సంతకం.

మధ్యాహ్నం భర్తకు ఫోన్ చేసింది. సాయికుమార్ కుప్పంలో ఒక ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తాడు. వారానికి ఒకసారి వస్తాడు. అంతా విని గట్టిగా నవ్వాడు.

“రెండు సభలకూ రానోడు పంచాయతీలో నేనొక్కణ్ణే. నన్ను కూడా లెక్కలోకి ఏసుకున్నారేమో సూడు.”

“నవ్వులాట కాదు. ఏం రాయాలో చెప్పు.”

“నీకు తెలిసింది రాయి.”

“తెలిస్తే కదా రాసేది.”

ఆ మాట దగ్గర అతనికీ నవ్వు ఆగిపోయింది. బుధవారం రాత్రికి వస్తానన్నాడు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఫోనులో రెండు సభల ఫోటోలు పెద్దవి చేసి తలలు లెక్కపెట్టడానికి కూర్చుంది. నూట పది దాకా వచ్చేసరికి షామియానా అడ్డం వచ్చింది. మళ్ళీ మొదలుపెడితే ఒకే ఎర్ర తలపాగా మూడు ఫోటోల్లో కనబడింది. విసుగేసి ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. యశోదమ్మ రాగిపిండి జల్లిస్తోంది. మేకలదిన్నెలో పెళ్ళయినా, దేవర జాతరయినా, సభయినా వంట ఆమెదే. రెండు ఊర్లకూ ఉమ్మడి గంగాళం కూడా ఆమె ఇంటి వెనకే బోర్లించి ఉంటుంది. నడుమెత్తు ఉండే ఆ గంగాళంలో సంగటి కెలికే కట్టె పట్టుకుంటే మగవాళ్ళు కూడా పక్కకు తప్పుకుంటారు.

“అత్తా, ఆదివారం ఎంతమంది వచ్చింటారు?”

“నన్నెవురు అడిగినారు?” అంది యశోదమ్మ జల్లెడ ఆపకుండా.

“నేను అడుగుతాండా కదా.”

“అడిగేవాళ్ళు అడగాల. నువ్వు కాదు.”

ఉషారాణికి అర్థం కాలేదు. ఆమె చూపు అత్త మణికట్టు మీది కాలిన మచ్చ మీద పడింది. అది ఆదివారం అయింది కాదు, అంతకు ముందుదే. చౌటకుంట సభ జరిగిన శనివారం అత్త కళ్ళ పరీక్షకని పొద్దున్నే పుంగనూరు వెళ్ళి, సందెవేళకు తిరిగొచ్చింది. చీర నిండా కట్టెల పొగ వాసన. కళ్ళ డాక్టరు దగ్గర పొగ ఎందుకుంటుందని ఆ రోజే అనుమానం వచ్చినా అడగలేదు. ఇప్పుడూ అడగలేదు. ఉప్పు కోసం గూట్లో చెయ్యి పెడితే, జాడీ వెనక రెండు గుడ్డమూటలు తగిలాయి. ఒకటి ఎర్రదారంతో కట్టింది, ఇంకొకటి తెల్లదారంతో. బరువుగా, గలగలమంటూ ఉన్నాయి.

“అవి ముట్టొద్దు,” అంది యశోదమ్మ. ఆమె గొంతు పెద్దగా లేవలేదు. అయినా ఉషారాణి చెయ్యి వెనక్కి తీసుకుంది.

బుధవారం పొద్దున ఎనిమిది కూడా కాలేదు, గేటు ముందు వంక నీళ్ళు కారుతున్న మోపెడ్ ఆగింది. దానికి రెండు పక్కలా ఖాళీ పాలక్యాన్లు. వెంకటరమణప్ప దిగలేదు. ఒక కాలు నేల మీద ఆనించి బండి మీదే కూర్చున్నాడు. వెనక నుంచి ఉషారాణి తల్లి పూలమ్మ దిగి, పెరుగు కుండతో నేరుగా పెరటి దారిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. వియ్యపురాళ్ళిద్దరూ ఏమీ జరగనట్టు లోపల మాటల్లో పడ్డారు.

చెంగల్రాయుడు వసారాలో మంచం మీద కూర్చుని పేపరు ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

“ఉషా, గేటు కాడ ఎవురో వచ్చినారు. ఏం కావాల్నో అడుగు.”

“అమ్మా ఉషా, నేను నా బిడ్డతో మాట్లాడేదానికి వచ్చినా. ఈ ఇంట్లో కాలు పెట్టేదానికి రాలేదని చెప్పు,” అన్నాడు వెంకటరమణప్ప బండి మీద నుంచి.

ఇద్దరి మధ్యా పది అడుగులు. ఆ పది అడుగుల మధ్య ఉషారాణి జడ దువ్వుకుంటూ నిలబడి ఉంది.

మొదట కాసేపు నవ్వొచ్చేట్టుగానే సాగింది. ట్రాక్టరు ట్రిప్పుల సంగతి ఆయనను అడగమని ఒకరు, మజ్జిగ గ్లాసుల సంగతి ఈయనను అడగమని ఇంకొకరు, ఆమె ద్వారానే ఒకరినొకరు నిలదీసుకున్నారు. మెల్లగా ఆమెను మరిచిపోయి నేరుగా మొదలుపెట్టారు. మా తాత కట్టిన పంచాయతీని చీల్చేదానికి నువ్వెవరని చెంగల్రాయుడు లేచి నిలబడ్డాడు. ఆ తాత కట్టినాక వంక మీద ఒక్క రాయయినా వేసినారా అని వెంకటరమణప్ప బండి దిగేశాడు. సర్పంచిగా ఐదేళ్ళు ఉండి ఏం చేసినావని అడిగాడు. పాలలో నీళ్ళు కలిపినట్టు జనంలో కూడా నీళ్ళు కలుపుతాండావని చెంగల్రాయుడు అనేశాడు. ఆ మాట అన్నాక అనకుండా ఉండాల్సిందని ఆయనకే తెలిసింది. కానీ నోరు దాటిపోయింది.

వెంకటరమణప్ప మొహం నల్లబడింది. కూతురి వైపు తిరిగాడు.

“నువ్వు రాసే దాంట్లో తేలిపోతాదమ్మా. నీళ్ళు ఎవురు కలిపినారో.”

“అవును. ఆమె కాగితంలోనే తేలాల,” అన్నాడు చెంగల్రాయుడు.

ఉషారాణి దువ్వెన మెట్టు మీద పెట్టింది.

“నేను ఏదీ రాయను. ఒకరి బిడ్డను, ఇంకొకరి కోడల్ని, ఈ పని నా వల్ల కాదని ఎంపీడీఓ సారుకు రాసిస్తా. నాకు కుప్పం ట్రాన్స్‌ఫర్ చేయమని కూడా అడుగుతా. అప్పుడు ఈ ఊరి కోడలూ కాను, ఆ ఊరి బిడ్డా కాను. మీరు పన్నెండొందల మందో పదిహేనొందల మందో, అందరూ సల్లగా ఉండండి.”

చెప్పడం పూర్తయ్యేసరికి ఆమె కళ్ళు నిండిపోయాయి. ట్రాన్స్‌ఫరా అని చెంగల్రాయుడు తనలో తాను అన్నట్టు అన్నాడు. వెంకటరమణప్ప తలగుడ్డ విప్పి చేతిలో పట్టుకున్నాడు.

అప్పుడు యశోదమ్మ వంటింట్లోంచి బయటికి వచ్చింది. ఒక చేతిలో చాట, ఇంకో చేతిలో రెండు మూటలు. వెనకే పూలమ్మ, తల వంచుకుని.

“ఇప్పటికైనా నన్ను ఎవురైనా అడుగుతారేమోనని సూస్తా ఉండాను. అడగరని తెలిసిపోయింది,” అంటూ చాటను వసారాలో నేల మీద పెట్టి, ఎర్రదారం మూట విప్పింది. నల్లగా నిగనిగలాడే చింతగింజలు చాటలోకి జలజల రాలాయి. “ఇది చౌటకుంట సభ.”

“అంటే?” అన్నాడు చెంగల్రాయుడు.

“గంగాళం కాడ నుంచి ముద్ద లేస్తే ఒక గింజ మూటలో పడతాది. నేను వంటకు నిలబడిన నాటి నుంచీ అదే అలవాటు. ఎంతమంది తిన్నారో తెలీకపోతే తర్వాత ఎన్ని ముద్దలు చేయాల్నో యాడ తెలుస్తాది? రెండో ముద్ద అడిగినోడికి గింజ పడదు. మొహం నేను సూస్తా కదా.”

చెంగల్రాయుడికి మిగతాదంతా వినబడలేదు. ఒక్క మాట దగ్గరే ఆగిపోయాడు.

“చౌటకుంట సభకు నువ్వు పోయినావా?”

“పోయినా.”

“కళ్ళకు సూపించుకుంటానని చెప్పి?”

“కళ్ళు బాగానే కనబడతాండాయి,” అంది యశోదమ్మ. “పూలమ్మ ఒక్కతే అంతమందికి కెలకగలదా? గంగాళం ఊరిది. అది యాడికి పోతే నేనూ ఆడికి పోతా. నీ సభకు పూలమ్మ రాలేదనుకుంటాండావా? పొద్దున ఐదింటికే వచ్చి వంకాయలు తరిగి, నువ్వు మైకు పట్టేలోపల పోయింది.”

చెంగల్రాయుడు మంచం మీద కూలబడ్డాడు. వెంకటరమణప్ప పెళ్ళాం వైపు చూశాడు. ఆవిడ చూపు చాట మీద నుంచి లేవలేదు. భార్య తనకు చెప్పకుండా అవతలి పక్క సభకు వంట చేయడం చెంగల్రాయుడికి ఎక్కడో గుచ్చుకుంది. ఆ గుచ్చుకోవడం మొహంలో కనబడుతోంది. ఉషారాణికి ఒక్క క్షణం భయమేసింది. ఇప్పుడు ఈ ఇల్లు కూడా విడిపోతుందేమో.

“ఎన్ని ఉండాయి?” అన్నాడాయన చివరికి, గింజల వైపు చూస్తూ.

“మీరే ఎంచుకోండి. నేను ఎంచితే నమ్మేవాళ్ళు ఎవురు?”

గేటు బయట నిలబడ్డ మనిషి ఎప్పుడు మెట్లెక్కాడో ఎవరూ గమనించలేదు. వెంకటరమణప్ప చాటకు ఒక పక్క, చెంగల్రాయుడు ఇంకో పక్క గొంతుక్కూర్చున్నారు. పదేసి గింజల కుప్పలు పెట్టడం మొదలుపెట్టారు. ఒక కుప్పలో తొమ్మిదే ఉన్నాయని ఒకరంటే, కళ్ళజోడు తుడుచుకోమని ఇంకొకరు అన్నారు. ఒక పుచ్చు గింజను లెక్కలోకి తీసుకోవాలా వద్దా అని కాసేపు తగువు పడ్డారు. ముద్ద తిన్నోడు పుచ్చు కాదు కదా అని పూలమ్మ తీర్పు చెప్పింది. చౌటకుంట సభ మూడొందల ఎనభై ఒకటి తేలింది. తెల్లదారం మూట విప్పారు. మేకలదిన్నె సభ మూడొందల పద్దెనిమిది.

“మరి నా పదిహేనొందల గ్లాసులు?” అన్నాడు వెంకటరమణప్ప, ఓడిపోయిన పిల్లవాడిలా.

“ఆ ఎండకు మనిషికి నాలుగు గ్లాసులు తాగినారు. నువ్వే ఆరు తాగినావు,” అంది పూలమ్మ.

చెంగల్రాయుడు నవ్వబోయి, తన ముప్పై ట్రిప్పులు గుర్తొచ్చి ఆగాడు. ఉషారాణి ఆంజనేయులికి ఫోన్ చేసి స్పీకరు పెట్టింది. ట్రిప్పులు ముప్పై అయిన మాట నిజమేనని అతను చెప్పాడు. తీసుకొచ్చినవి పదిహేను, తిరిగి దింపినవి పదిహేను. బడిపిల్లలు ఊరికే ఎక్కి దిగుతూ ఉండడం వల్ల బండి ఎప్పుడూ నిండుగానే ఉండిందట. వెంకటరమణప్ప తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు మాత్రం ఊగాయి. చూస్తూ చూస్తూ చెంగల్రాయుడు కూడా నవ్వేశాడు.

నవ్వు సద్దుమణిగాక ఉషారాణి కుప్పల వైపు చూసింది.

“అయితే ఆ సభకు వేరే జనం, ఈ సభకు వేరే జనం కాదు కదా అత్తా?”

“యాడి వేరే? అవే మొహాలు. ఆడ సంగటి తిని సప్పట్లు కొట్టినోళ్ళే ఈడా సంగటి తిని సప్పట్లు కొట్టినారు. అది తెలిసే, ఆదివారం కూడా సరిగ్గా మూడొందల ఎనభై ఒక్క ముద్దలే చేసినా.” యశోదమ్మ తెల్లదారాన్ని వేలికి చుట్టుకుంది. “అరవై మూడు మిగిలినాయి.”

“ఎవురు రాలేదు?” అన్నాడు చెంగల్రాయుడు.

“నువ్వే చెప్పు. నీ ట్రాక్టరు యాడ దాకా పోయింది?”

“వంక దాకా. అవతల ఇసకలో దిగబడతాదని…”

చెప్పింది పూలమ్మ. సభ చౌటకుంటలో జరిగిన రోజు ఆ ముసలివాళ్ళంతా ఊతకట్టెలు పట్టుకుని నడిచి వచ్చి, వరసగా కూర్చుని తిన్నారు. మేకలదిన్నె సభకు కూడా రావాలనే అనుకున్నారు. ముందురోజు రాత్రి వాన పడి వంకలో మోకాలిలోతు నీళ్ళు వచ్చాయి. వంక గట్టు దాకా వచ్చి, కాసేపు నిలబడి, మైకులో మాటలు విని వెనక్కి పోయారు. రేషను ఇచ్చే రోజు కూడా వాళ్ళ పని అదేనట. మనిషిని ఇద్దరు పట్టుకుని దాటించాలి.

“ఆ అరవై మూడు ముద్దలూ ఏం చేసినావు?” అన్నాడు చెంగల్రాయుడు.

“సందేళ దాకా మూతబెట్టి సూసినా. ఎనుములకు పెట్టినా.”

ఉషారాణి తండ్రి వైపు తిరిగింది. “నాయనా, నీ అర్జీలో ఈ సంగతి ఎందుకు రాయలేదు?”

వెంకటరమణప్ప ఒక చింతగింజను వేళ్ళ మధ్య తిప్పుతూ కూర్చున్నాడు.

“అరవై మంది ముసిలోళ్ళు వంక దాటలేరంటే ఎవురు ఇంటారమ్మా? పదిహేనొందల మంది అంటే ఇంటారు. అందుకే అన్నా.”

“నేను అరవై మూడు అనే రాస్తా. ఇన్నా ఇనకపోయినా.”

పూలమ్మ పెరుగు కుండ మూత తీసి, తెచ్చింది అందరికోసమేనని గుర్తు చేసింది. వెంకటరమణప్ప మాత్రం పాలకు టైము అయిందని లేచాడు. గేటు దాకా పోయి వెనక్కి చూశాడు. పాలలో నీళ్ళ మాట తాను మరిచిపోతానని చెంగల్రాయుడితో అన్నాడు. మరిచిపోవద్దని, తన నోరు తనకు గుర్తుండాలని చెంగల్రాయుడు జవాబిచ్చాడు.

ఆ సాయంత్రం ఉషారాణి కంప్యూటరు ముందు కూర్చుని నాలుగు వాక్యాలు రాసింది. ఒక సభకు మూడొందల ఎనభై ఒక్కరు, ఒక సభకు మూడొందల పద్దెనిమిది మంది, ఎక్కువ భాగం రెండు సభలకూ వచ్చినవారే. తేడా అరవై మూడు, వారు వంక దాటలేని వృద్ధులు. లెక్కకు ఆధారం ఏమిటన్న చోట, భోజనం వడ్డించిన యశోదమ్మ గారి లెక్క అని రాసి, కింద తన పేరు పెట్టి పంపేసింది. పంపాక చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

గురువారం తెల్లవారి లేచేసరికి మామ మంచం ఖాళీగా ఉంది. మోటారు సైకిలు పెట్టినచోటే ఉంది. చెప్పులు గడప దగ్గరే ఉన్నాయి. యశోదమ్మ పైకి ఏమీ అనకుండా రెండుసార్లు గేటు దాకా పోయి వచ్చింది. రాత్రి కుప్పం నుంచి వచ్చిన సాయికుమార్ వెతకడానికి బయలుదేరబోతుంటే ఆయనే వచ్చాడు. పంచె నడుము దాకా తడిసి ఉంది. పాదాలకు ఇసక అంటుకుని ఉంది. కుడి మోచేతి దగ్గర చిన్నగా గీరుకుపోయింది. ఆయన వెనకే వెంకటరమణప్ప, పూలమ్మ కూడా ఉన్నారు.

యశోదమ్మ వసారాలో ఆరు విస్తళ్ళు పరిచింది. వేడి వేడి ముద్దలు, రోట్లో నూరిన చెనక్కాయల ఊరిబిండి. చెంగల్రాయుడు కాళ్ళు కడుక్కుని వచ్చి అందరితో పాటు కూర్చున్నాడు. ముద్దలో గుంట చేసి నెయ్యి పోయించుకున్నాడు. రెండు కబళాలు తిన్నాడు.

“నడిచి పోయి సూసినా,” అన్నాడు, విస్తరి వైపు చూస్తూనే. “రెండుసార్లు పడినా. నాకు అరవై రెండేండ్లు. ఆడ ఉండే మునెమ్మవ్వకు ఎనభై ఐదు.”

వెంకటరమణప్ప నోటి దగ్గరికి తీసుకుపోయిన చెయ్యి అలాగే ఆగింది.

“పది గంటలకు సభ. చౌటకుంటకు వేరే పంచాయతీ ఇయ్యాలని నేనే లేసి చెప్తా. మొదట సెయ్యి ఎత్తేది నేనే.” చెంగల్రాయుడు నీళ్ళ చెంబు అందుకుని, ఒక గుక్క తాగి, కింద పెట్టాడు. “గంగాళం మాత్రం ఉమ్మడి. అది రాసేదుంటే ఆ కాగితం కూడా నువ్వే రాయి ఉషా.”

యశోదమ్మ గంటెతో ఆయన విస్తట్లో ఇంకో ముద్ద వేసింది. దానికి గింజ పడలేదు.